గ్రీక్ వైన్ టేస్టింగ్ ఇంట్లోనే: ఏ సీసాతో ఏ ప్లేటు, మొదటి గుక్క నుంచి మిగిలిన సీసా దాకా

గ్రీక్ వైన్ మొదటిసారి తాగిన మనవాళ్ళు ఎవర్ని అడిగినా దాదాపు ఒకటే మాట, "అబ్బ, ఇంత పుల్లగా ఉందేంటి" అని. పుల్లగానే ఉంటుంది మరి, తియ్యటి పోర్ట్ వైన్ అలవాటైన నోట్లో గ్రీస్ ద్వీపం సాంటోరినీ వైన్ ఒట్టిగా పోస్తే మొహం చిట్లించక ఏం చేస్తారు. కానీ గ్రీస్‌లో వైన్ ఒట్టిగా తాగే అలవాటు పెద్దగా లేదు, టేబుల్ మీద ఏదో ఒక తిండి లేకుండా గ్లాస్ ఎత్తరు, కనీసం నాలుగు ఆలివ్‌లూ ఓ చీజ్ ముక్కా అయినా ఉండాల్సిందే. ఆ పులుపు, ఆ వగరు, కొన్నిట్లో ఉండే ఆ ఉప్పదనం అన్నీ పక్కన ప్లేటు ఉంటేనే అర్థమవుతాయి. అందుకే ఇక్కడ టేస్టింగ్ వేరు, ఫుడ్ పెయిరింగ్ వేరు అని విడగొట్టట్లేదు, రెండూ కలిపే చేద్దాం. ప్రతి వైన్ ఒక గుక్క ఒట్టిగా, తర్వాత ఓ ముద్ద, మళ్ళీ ఓ గుక్క. అసలు సంగతి ఆ రెండో గుక్కలో తెలుస్తుంది.

స్టెప్ 1: సీసాలు తెచ్చుకోవడం

పూర్తి టేస్టింగ్‌కి ఆరు సీసాలు చాలు. సాంటోరినీ అసీర్తికో, మాంటినియా మొస్కోఫీలెరో, పైన్ చెట్టు జిగురు వేసి చేసే రెట్సీనా ఒకటి, నెమెయా నుంచి అగియోర్గీతికో, నావుసా నుంచి క్సినోమావ్రో, చివర్లో సామోస్ మస్కట్. పేర్లు చూసి కంగారు పడకండి, రెట్సీనా తప్ప ప్రతి జంటలో ఒకటి ఊరు లేదా ద్వీపం పేరు, ఇంకోటి ద్రాక్ష పేరు, అంతే. ఆరు కుదరకపోతే అసీర్తికో, క్సినోమావ్రో, సామోస్ ఈ మూడు తెచ్చుకోండి. ఇంకొంచెం బడ్జెట్ ఉంటే నాలుగోది రెట్సీనా, ఎందుకో కింద చెప్తా.

దొరకడం సంగతి. న్యూయార్క్ దగ్గర ఉంటే ఆస్టోరియా, టొరంటోలో డాన్‌ఫోర్త్, మెల్‌బోర్న్‌లో ఓక్లీ, ఇవన్నీ పాత గ్రీక్ ఏరియాలు, అక్కడ చుట్టుపక్కల షాపుల్లో చూడండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది, క్లేర్ వ్యాలీలో జిమ్ బారీ వాళ్ళు అసీర్తికో పండించి అమ్ముతున్నారు, సాంటోరినీది కాదు గానీ ఆ ద్రాక్ష ఎలా ఉంటుందో తెలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ వైన్ షాపుల్లో మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎవరన్నా గ్రీస్ వెళ్ళొస్తుంటే మనిషికి 2 లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి మామూలు 750 మిల్లీ సీసాలు రెండు వస్తాయి, ఆ రెండూ ఒక అసీర్తికో, ఒక క్సినోమావ్రో అయితే బాగుంటుంది, ఎయిర్‌పోర్ట్‌లో తళతళలాడే ఊజో సీసా చూసి మనసు మార్చుకోవద్దని చెప్పండి, అది వైనే కాదు.

లేబుల్ మీద చూడాల్సింది ప్రధానంగా మూడు: ఊరు, ద్రాక్ష, సంవత్సరం. ఊరి పేరుతో పాటు పీడీఓ అని ఉంటే ఆ ప్రాంతం రూల్స్ ప్రకారం చేసింది అని. నావుసా అని ఉంటే మొత్తం క్సినోమావ్రోనే, నెమెయా అని ఉంటే మొత్తం అగియోర్గీతికోనే, సాంటోరినీ అని ఉంటే కనీసం 75 శాతం అసీర్తికో, మిగతాది ఐదానీ, అథీరి అనే లోకల్ ద్రాక్షలు. పీజీఐ అని ఉంటే రూల్స్ కాస్త లూజు, అలాగని క్వాలిటీ తక్కువని కాదు, మలగూజియా అనే తెల్ల ద్రాక్షతో చేసే బ్రహ్మాండమైన వైన్లు చాలా వరకు పీజీఐలోనే వస్తాయి. సాంటోరినీ సీసా రేటు చూసి గుండె ఆగినంత పనైతే దానికి కారణం ఉంది, ద్వీపం చిన్నది, తీగలు ముసలివి, ఈ మధ్య వరసగా వానల్లేక దిగుబడి బాగా పడిపోయింది. ఉత్తర గ్రీస్‌లో డ్రామా, హల్కిదికీ వైపు నుంచి వచ్చే అసీర్తికో చవగ్గా దొరుకుతుంది, నేర్చుకోడానికి అది చాలు.

స్టెప్ 2: చల్లదనం, గ్లాసులు, ఎంత పోయాలి

చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని ఎక్కడో చదివి మే నెలలో గుంటూరులో 36 డిగ్రీల గదిలో సీసా ఓపెన్ చేస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కు పగలగొడుతుంది తప్ప ఇంకేం తెలీదు, ఆ మాట యూరప్ చలి ఇళ్ళకి చెప్పింది. మన దగ్గర అలాంటి ఎండల్లో రెడ్ కూడా ఫ్రిజ్‌లో ఓ రెండు గంటల పైనే పెట్టాలి. క్సినోమావ్రో 16 నుంచి 18 డిగ్రీలు, అగియోర్గీతికో ఇంకో డిగ్రీ తక్కువైనా పర్లేదు. వైట్‌కి దీని రివర్స్, ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే పోస్తే వాసన మొత్తం మూసుకుపోయి ఉంటుంది, అసీర్తికోని ఓ 15, 20 నిమిషాల ముందే బయట పెట్టండి, 10 నుంచి 12 డిగ్రీల దగ్గర మాట్లాడటం మొదలెడుతుంది. మొస్కోఫీలెరో 8 నుంచి 10, రెట్సీనా మాత్రం చల్లగానే, 6 నుంచి 8. థర్మామీటర్ లేకపోతే సీసా మీద చెయ్యి పెట్టి చూడండి, వైట్ సీసా చల్లగా ఉండాలి గానీ చెయ్యి జివ్వుమనకూడదు.

గ్లాసు కింద బొజ్జ, పైన మూతి సన్నగా ఉన్నదైతే చాలు, ఖరీదైనవి అక్కర్లేదు, ఒక్కోళ్ళకి రెండు ఉంటే మధ్యలో కడుక్కోవచ్చు. రెట్సీనాకి మాత్రం వేరే గ్లాస్, ఆ జిగురు వాసన గ్లాసుని అంత తేలిగ్గా వదలదు.

ఒక్కో వైన్ మనిషికి 75 మిల్లీ పోస్తే సీసా పది మందికి వస్తుంది. ఆరు వైన్లూ మొత్తం మింగితే మనిషికి అర లీటరు దగ్గరకొస్తుంది, అది తక్కువేం కాదు, అందుకే ఒక ఖాళీ జగ్గు టేబుల్ మీద పెట్టండి, ఒట్టిగా తాగే మొదటి గుక్క అందులో ఉమ్మేయొచ్చు, అందులో సిగ్గుపడేదేం లేదు, ప్రొఫెషనల్స్ అందరూ చేసేదే. నీళ్ళు పక్కనే ఉండాలి, బండి నడిపేవాళ్ళు ఆ రోజు ప్లేటుకే పరిమితం. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండాలి అన్నది గుర్తుండే ఉంటుంది.

స్టెప్ 3: ప్లేటు సర్దడం

గ్రీస్‌లో ఎవరి ప్లేటు వాళ్ళకి కాకుండా మెజే అని చిన్న చిన్న ప్లేట్లు మధ్యలో పెట్టి అందరూ తలా కాస్త తీసుకుంటారు, మన టేస్టింగ్‌కి సరిగ్గా సరిపోయే పద్ధతి ఇది. అన్నీ వండక్కర్లేదు. కొని తెచ్చుకునేవి ఫెటా చీజ్, ఆలివ్‌లు, మంచి బ్రెడ్, ఆలివ్ ఆయిల్, నిమ్మకాయలు, కాస్త నీలిరంగు చారలుండే బ్లూ చీజ్. వండుకునేవి ఓ నాలుగు.

మొదటిది ఫావా. సాంటోరినీ ఇంటింటి వంట, చూడ్డానికి అచ్చం మన ముద్దపప్పే. అక్కడ వాడే గింజ ఆ ద్వీపంలో పండేదే, మనం ఎండు పసుపు బఠానీ పప్పుతో చేసుకోవచ్చు. పావు కిలో పప్పుకి ముప్పావు లీటరు నీళ్ళు, ఒక ఉల్లిపాయ రెండు ముక్కలు చేసి వేసి సన్నమంట మీద పెట్టండి, పైన తేలే నురగ తీసేస్తూ ఉండండి, ముప్పావుగంట పైగా ఉడికి గరిటె ఆడిస్తేనే చిదిగిపోయేలా అవ్వాలి. ఉప్పు, నిమ్మరసం, ధారాళంగా ఆలివ్ ఆయిల్ వేసి మెత్తగా మెదిపి, పళ్ళెంలో పరిచి, పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కేపర్లు అని ఉప్పులో ఊరిన పూమొగ్గలు దొరికితే అవీ. పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది, ఈ ఒక్కసారికి ఆగండి.

రెండోది సీఫుడ్. అక్కడైతే ఎండలో ఆరేసిన ఆక్టోపస్‌ని బొగ్గుల మీద కాలుస్తారు. మనం రొయ్యలో, స్క్విడ్డో తీసుకుని ఉప్పు, ఆలివ్ ఆయిల్ రాసి బాగా కాలిన పెనం మీద రెండు మూడు నిమిషాలు కాల్చి నిమ్మకాయ పిండితే సరి, కారం వెయ్యొద్దు. మూడోది వేట మాంసం చాప్స్, ఒరేగానో, నిమ్మరసం, ఆలివ్ ఆయిల్, ఉప్పులో ఓ రెండు గంటలు నానబెట్టి కాల్చడమే. నాలుగోది స్టిఫాడో, అంటే మాంసమూ దానికి సమానంగా చిన్న ఉల్లిపాయలూ వేసి టమాటా, దాల్చినచెక్క, లవంగం, కాస్త వెనిగర్‌తో మూడు గంటలు ఉడికించే కూర, ముందురోజు చేసి పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. శాకాహారులకి స్టిఫాడో బదులు పెద్ద తెల్ల చిక్కుడు గింజలు టమాటా సాస్‌లో ఓవెన్‌లో పెట్టి చేసే గిగాంటెస్, చాప్స్ బదులు వంకాయ, బంగాళాదుంప పొరలు పొరలుగా వేసిన మాంసం లేని ముసాకా.

స్టెప్ 4: చూడ్డం, వాసన, గుక్క, ముద్ద, గుక్క

పద్ధతి అన్ని వైన్లకీ ఒకటే కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. గ్లాసులో మూడో వంతు కూడా నింపకండి. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి, వయసు పెరిగే కొద్దీ వైట్ ముదురు పసుపుకి, రెడ్ ఇటుక రంగుకి తిరుగుతుంది. తిప్పకముందు ఒకసారి వాసన, తిప్పాక ఒకసారి. తోచింది చెప్పండి, పుస్తకాల్లో ఉన్న పళ్ళ పేర్లే చెప్పాలని రూల్ లేదు, మీ ముక్కుకి బత్తాయి తొక్క అనిపిస్తే బత్తాయి తొక్కే.

గుక్క తీసుకుని నోరంతా తిప్పి, ఉమ్మేసో మింగేసో, మూడు గమనించండి. నాలుక పక్కల ఎంత నీరూరింది, అది పులుపు. చిగుళ్ళు, బుగ్గల లోపల ఎంత బిగుసుకుంది, అది వగరు, వైన్ వాళ్ళు టానిన్ అంటారు. గొంతులో ఎంత వేడి తగిలింది, అది ఆల్కహాల్. ఇప్పుడు ముద్ద తినండి, పూర్తిగా మింగాక మళ్ళీ గుక్క. ఆ మూడింట్లో ఏది మారింది అన్నదొక్కటే ప్రశ్న. ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకోండి, నాలుగో వైన్ దగ్గరకొచ్చేసరికి మొదటిది గుర్తుండదు.

ఎందుకు మారుతుందంటే, తిండిలో పులుపు ఉంటే వైన్ పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది, అందుకే నిమ్మకాయ పిండిన చేప పక్కన పులుపు తక్కువ వైన్ చప్పగా తేలిపోతుంది. ఉప్పు, కొవ్వు రెండూ వగరుని మెత్తబరుస్తాయి. టానిన్ మన లాలాజలంలో ప్రోటీన్‌ని పట్టుకోవడం వల్ల నోరు పొడిబారుతుంది, మాంసం తింటే అది పట్టుకోడానికి ఇంకోటి దొరికినట్టే. తీపి వంట తింటే డ్రై వైన్, అంటే తీపి లేనిది, చేదుగా, పుల్లగా మారుతుంది. కారం అన్నిటికన్నా మొండిది, ఆల్కహాల్, టానిన్ రెండూ దాని మంటని పెంచుతాయి.

స్టెప్ 5: అసీర్తికో, దీని మీద టైమ్ పెట్టండి

మొదలు దీనితోనే. సాంటోరినీలో క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో పేలిన అగ్నిపర్వతం బూడిద, ప్యూమిస్ రాయి మీద ఈ తీగలు పెరుగుతాయి. ఆ మట్టిలో బంకమన్ను దాదాపు లేకపోవడంతో 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టేసిన ఫిలాక్సెరా పురుగు ఇక్కడ బతకలేకపోయింది, అందుకే మిగతా యూరప్‌లో చాలా చోట్ల అమెరికన్ వేర్ల మీద అంటుకట్టాల్సొస్తే ఇక్కడ తీగలు ఇప్పటికీ సొంత వేర్ల మీదే ఉన్నాయి. వానలు తక్కువ, గాలి విపరీతం, కాబట్టి పందిరి కట్టరు, తీగనే గుండ్రంగా చుట్టి నేల మీద బుట్టలా అల్లుతారు, దాన్ని కులూరా అంటారు, కాయలు ఆ బుట్ట లోపల గాలి తగలకుండా పెరుగుతాయి, రాత్రిళ్ళు సముద్రం మీంచి వచ్చే మంచు తేమే చాలావరకు వాటికి నీళ్ళు. ఫొటోల్లో చూస్తే ఇది ద్రాక్షతోట అని మీరు నమ్మరు, నల్లటి నేల మీద ఎవరో వదిలేసి పోయిన బుట్టల్లా ఉంటాయి.

ఇంత ఎండలో పండే ద్రాక్షలో మామూలుగా చక్కెర పెరిగి పులుపు పడిపోతుంది. అసీర్తికో గొప్పతనం ఏంటంటే ఆల్కహాల్ 13.5, 14 శాతం దాకా వెళ్ళినా పులుపు అలాగే నిలబడుతుంది. గ్లాసులో నిమ్మ తొక్క, తడి రాయి, చివర్లో స్పష్టంగా ఉప్పు తగిలినట్టు. పళ్ళ వాసన గుప్పుమని రాదు, దాని కోసం వెతికి నిరాశపడకండి.

ఒట్టిగా ఒక గుక్క. పళ్ళు జివ్వుమంటాయి. ఇప్పుడు బ్రెడ్ మీద ఫావా వేసుకుని, పచ్చి ఉల్లిపాయ ముక్క కూడా పడేలా చూసి తినండి, పప్పూ ఆలివ్ ఆయిలూ కలిసి నాలుకంతా కప్పేస్తాయి, మళ్ళీ ఓ గుక్క వేయండి. ఆ జిడ్డు విరిగిపోయి, పప్పులో ఉన్న కమ్మదనం పైకి తేలుతుంది, వైన్ ఇందాకటి కన్నా మెత్తగా, కాస్త తియ్యగా కూడా అనిపిస్తుంది, చుక్క చక్కెర లేకపోయినా. తర్వాత రొయ్యతో చూడండి, తర్వాత ఫెటాతో. ఈ మూడింటికీ అది మూడు రకాలుగా ఉంటుంది, ఫెటాతో ఆ ఉప్పదనం బాగా బయటపడుతుంది.

సీసా మీద నిక్తేరి అని కనిపిస్తే అదీ సాంటోరినీదే, బాగా పండిన కాయలతో చేసి బారెల్‌లో ఉంచినది, ఇంకా చిక్కగా ఉంటుంది, దాన్ని 12, 13 డిగ్రీల దగ్గర తాగాలి, దానికి కాల్చిన కోడి, పీత లాంటివి పెట్టండి, ఫావాకి అది ఎక్కువైపోతుంది.

స్టెప్ 6: మొస్కోఫీలెరో, ఇంకా వీలైతే మలగూజియా

గ్రీస్ దక్షిణాన పెలొపొనీస్ ద్వీపకల్పం మధ్యలో మాంటినియా పీఠభూమి, సుమారు 650 మీటర్ల ఎత్తు, రాత్రిళ్ళు చలి, కోతలు అక్టోబర్ దాకా పోతాయి. కాయ తొక్క గులాబీ రంగు, వైన్ మాత్రం తెలుపే, ఒక్కోసారి లేత గులాబీ ఛాయ. ఆల్కహాల్ 11, 12 దగ్గర. వాసన చూడగానే గులాబీ, బత్తాయి, దీనికి ట్రైనింగ్ అక్కర్లేదు, వైన్ అంటే ఇష్టం లేనివాళ్ళు కూడా ఈ గ్లాసు కిందపెట్టరు. వాసన తియ్యగా ఉంది కదా అని వైన్ తియ్యగా ఉంటుందనుకుంటే మోసపోతారు, నోట్లో పూర్తి డ్రై.

ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా, సోంపు ఆకు ఉన్నవి దీనికి బాగా నప్పుతాయి, పాలకూర ఫెటా వేసి చేసే స్పనకోపిటా, ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి నిమ్మ సాస్‌తో ఇచ్చే డోల్మాడెస్. కాల్చిన మాంసం ముందు మాత్రం తేలిపోతుంది.

మలగూజియా గురించి ఒక్క మాట. ఈ ద్రాక్ష 1970ల నాటికి దాదాపు అంతరించిపోయింది, ప్రొఫెసర్ వసీలిస్ లోగోథెటిస్ కాపాడిన తీగల్ని హల్కిదికీలో పోర్టో కరాస్ తోటలో వంగెలిస్ గెరొవసిలియూ పెంచి వైన్ చేశాడు, ఆ తర్వాత థెస్సలోనీకీ దగ్గర ఎపనోమీలో తన సొంత తోటలో నాటాడు. ఇవాళ గ్రీస్ అంతా వేస్తున్నారు. పీచ్ పండు, పుదీనా వాసన, పులుపు తక్కువ, పులుపంటే భయపడే చుట్టాలొస్తే ఇది పోయండి.

స్టెప్ 7: రెట్సీనా, ముఖం చిట్లించే ముందు

దీన్ని తిట్టనివాళ్ళు లేరు, అందుకే చేర్చమంటున్నా. పాతకాలంలో ఆంఫోరాలనే మట్టి జాడీలని అలెప్పో పైన్ చెట్టు జిగురుతో మూసేవాళ్ళు, ఆ రుచి అలవాటై ఉండిపోయింది అని సాధారణంగా చెప్పే కథ. ఇప్పుడు ద్రాక్షరసం పులిసేటప్పుడే ఆ జిగురు వేసి తర్వాత తీసేస్తారు. ద్రాక్ష ఎక్కువగా సవాటియానో, ఏథెన్స్ చుట్టూ అటికాలో విస్తారంగా పండేది, లేకపోతే రోడీటిస్. టూరిజం ఊపందుకున్న రోజుల్లో నాసిరకం వైన్ కంపుని కప్పెట్టడానికి జిగురు దట్టంగా పట్టించి అమ్మారు, చెడ్డపేరు అక్కణ్ణుంచి వచ్చింది. ఇప్పుడు జాగ్రత్తగా చేసేవాళ్ళు ఉన్నారు, థెస్సలోనీకీలో కెహ్రిస్ వాళ్ళు అసీర్తికోతో బారెల్‌లో చేసే రెట్సీనా తాగితే ఇది రెట్సీనానా అంటారు. మామూలు రెట్సీనా తెలుసుకోవాలంటే మలమతీనా, సోడా మూత ఉన్న అర లీటరు సీసా, టవెర్నాలనే అక్కడి చిన్న హోటళ్ళలో ఎక్కడ చూసినా అదే.

ఒట్టిగా తాగితే పెయింట్ డబ్బా మూత తీసినట్టుంది అంటారు కొందరు, కాదనను. కానీ నూనెలో వేయించిన చిన్న చేపలు, వెల్లుల్లి బాగా దట్టించిన స్కొర్దాలియా అనే ముద్ద, ఉప్పుచేప వేపుడు, వీటి పక్కన పెట్టి చూడండి. పచ్చి వెల్లుల్లి ఘాటుకి మామూలు వైట్ వైన్ చచ్చిపోతుంది, రెట్సీనా ఒక్కటే ఎదురు నిలబడుతుంది. బాగా చల్లగా, చిన్న గ్లాసుల్లో, వేపుడు వేడి తగ్గకముందే. నన్నడిగితే వేపుడు పక్కన దీన్ని మించింది లేదు, మిగతా టైమ్‌లో దీని జోలికి వెళ్ళక్కర్లేదు.

స్టెప్ 8: రెడ్లు, ముందు మెత్తటిది

అగియోర్గీతికో మీద ఎక్కువ చెప్పను, చెప్పాల్సినంత తలనొప్పి లేని వైన్ ఇది. నెమెయా అంటే హెర్క్యులిస్ సింహాన్ని చంపిన ఊరు, వైన్‌ని హెర్క్యులిస్ రక్తం అంటుంటారు. రంగు ముదురు, చెర్రీ, తియ్యటి మసాలా వాసన, వగరు మెత్తగా. చాప్స్, మీట్‌బాల్స్, పాస్తా, మాంసం పొరల మీద వైట్ సాస్ పోసి ఓవెన్‌లో పెట్టే పస్తీచియో, దేనితోనైనా సర్దుకుపోతుంది. రెడ్ కొత్తవాళ్ళకి ఇది ముందు పోయండి, ఎందుకంటే తర్వాత వచ్చేది అంత మర్యాదస్తురాలు కాదు.

క్సినోమావ్రో. ఉత్తరాన మాసిడోనియా ప్రాంతంలో వెర్మియో కొండ వాలుల మీద నావుసా, అక్కడ 1879లో మొదలైన బూతారీ వాళ్ళు ఈ ద్రాక్షని సీసాల్లోకి తెచ్చి పేరు తెచ్చారు, ఆ కుటుంబంలోని యానిస్ బూతారిస్ తర్వాత కిర్‌యానీ పేరుతో వేరే కంపెనీ పెట్టాడు, థెస్సలోనీకీకి మేయర్ కూడా అయ్యాడు. రంగు చూసి తేలిక వైన్ అనుకుంటారు, లేత ఎరుపు, త్వరగా ఇటుక రంగుకి తిరుగుతుంది. వాసన విచిత్రంగా ఎండబెట్టిన టమాటా, ఆలివ్, ఎండు పూలు. నోట్లో పెట్టుకుంటే పులుపూ వగరూ రెండూ కలిసి దవడ పట్టేస్తాయి. నెబ్బియోలో అనే ఇటలీ ద్రాక్షతో చేసిన వైన్ తాగినవాళ్ళకి చుట్టరికం అనిపిస్తుంది. లేత సీసా అయితే గంటా రెండు గంటల ముందు జగ్గులోకి ఒంపి గాలి తగలనివ్వండి, మంచి సీసాలు పదిహేనేళ్ళు పైన కూడా నిలుస్తాయి.

ఇప్పుడు స్టిఫాడో. ఒట్టి గుక్క వేసి చిగుళ్ళు బిగుసుకున్నాక, బాగా ఉడికిన మాంసం ముక్క, ఒక ఉల్లిపాయ, కాస్త టమాటా గ్రేవీ బ్రెడ్‌తో తీసుకోండి. ఆ తర్వాతి గుక్కలో వగరు ఎటు పోయిందో తెలీదు, వైన్‌లో టమాటా వాసన గ్రేవీ టమాటాతో కలిసిపోతుంది, లవంగం, దాల్చినచెక్క వైన్‌లోంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. చాలా రెడ్ వైన్లు టమాటా పులుపు ముందు ఇనుము రుచికి తిరుగుతాయి, దీనికి సొంత పులుపే ఎక్కువ కాబట్టి ఆ బాధ లేదు. మొత్తం టేస్టింగ్‌లో మొదటి గుక్కకీ రెండో గుక్కకీ తేడా అన్నిటికంటే దీనిదే ఎక్కువ. ఇంత మొరటు వద్దనుకుంటే అమిందెయో అనే ఊరి నుంచి ఇదే ద్రాక్షతో రోజే అంటే గులాబీ రంగు వైన్, బుడగలొచ్చే స్పార్క్లింగ్ కూడా చేస్తారు, రోజే అయితే వేసవికి హాయి.

స్టెప్ 9: తీపి

రూల్ ఒక్కటే, వైన్ స్వీట్ కన్నా తియ్యగా ఉండాలి. సామోస్ ద్వీపంలో కొండల మీద మెట్లు మెట్లుగా పండే మస్కట్, అక్కడి రైతుల కోఆపరేటివ్ 1934 నుంచి చేస్తోంది. అందులో నెక్టార్ అన్నది ఎండబెట్టిన ద్రాక్షతో చేసింది, నారింజ తొక్క, తేనె, ఎండు ద్రాక్ష. బక్లావా పెట్టండి సరే, కానీ ముందు బ్లూ చీజ్ చిన్న ముక్కతో చూడండి, ఉప్పూ తీపీ కలిస్తే ఏమవుతుందో తెలుస్తుంది. సాంటోరినీ వాళ్ళ విన్‌సాంటో కూడా ఎండబెట్టిన కాయలదే, కానీ లోపల అసీర్తికో పులుపు ఉంటుంది కాబట్టి తియ్యగా ఉన్నా మొహం మొత్తదు, రేటు ఎక్కువ. పాత్రాస్ ఊరి తియ్యటి రెడ్ మావ్రోదాఫ్నే అయితే డార్క్ చాక్లెట్, వాల్‌నట్ కేక్.

మన వంటలతో పెట్టాలంటే

ముందే చెప్తున్నా, ఆవకాయతో ఏ వైనూ నిలబడదు, ప్రయత్నించి సీసా వృథా చేసుకోవద్దు. కారం తగ్గించి వేయించిన వంజరం, రొయ్యల వేపుడు అసీర్తికోకి సొంత మనుషులే. గోంగూర మాంసం అనగానే రెడ్ తీస్తారు, తప్పు, గోంగూర పులుపుకి అసీర్తికోనే తట్టుకుంటుంది, క్సినోమావ్రో పోస్తే ఆ కారానికి వగరు తోడై నోరు రణరంగం. పునుగులు, అల్లం పచ్చడికి మొస్కోఫీలెరో. దమ్ బిర్యానీకి అమిందెయో రోజే. మిరియాల కోడి వేపుడు, కరివేపాకు దండిగా వేసినది, రెట్సీనాతో ఒకసారి చూడండి. బొబ్బట్లకి సామోస్, అరిసెలకి మావ్రోదాఫ్నే.

గ్రీస్ వెళ్ళినప్పుడు టవెర్నాలో

సీసా అడగకపోయినా పర్లేదు, హౌస్ వైన్‌ని కిలో లెక్కన అమ్ముతారు, మిసో కిలో అంటే అర కిలో, అంటే దాదాపు అర లీటరు, రాగి రంగు రేకు జగ్గులో తెచ్చి మధ్యలో పెడతారు, మామూలు నీళ్ళ గ్లాసుల్లోనే పోసుకుంటారు. అది ఒక్కోచోట బ్రహ్మాండం, ఒక్కోచోట దండగ, ముందు పావు కిలో చెప్పి చూసుకోండి. గ్లాసు ఎత్తి యామాస్, అంటే చీర్స్, అనండి, ఖాళీ కడుపుతో కూర్చుంటే వెయిటరే ముందు ఏదన్నా తినమంటాడు.

మిగిలిన సీసాలు

మూత బిగించి రెడ్ అయినా సరే ఫ్రిజ్‌లోనే. వైట్లు మూడు రోజులు, అసీర్తికో రెండో రోజు ఇంకా బాగుండొచ్చు. క్సినోమావ్రో మర్నాడు వగరు కాస్త దిగి ఇంకా మంచిగా ఉంటుంది, స్టిఫాడో కూడా మిగిలితే ఇక చెప్పక్కర్లేదు. రెట్సీనా త్వరగా అవగొట్టండి. సామోస్, మావ్రోదాఫ్నే వారాల తరబడి ఉంటాయి, ఫ్రిజ్ డోర్‌లో పెట్టుకుని వెనిలా ఐస్‌క్రీమ్ మీద ఒక స్పూన్ పోసుకోండి, లేదా చిక్కటి పెరుగు, నాలుగు జీడిపప్పులు వేసి దాని మీద.